గ్యాసు లెక్కలు రాసిపెట్టబడును

ఆత్మకూర్ (ఎస్) మండల ప్రజాప్రతినిధులకు, మాజీలకు, కాబోయేవాళ్లకు, వాళ్ల బావమరుదులకు, టార్గెట్ల ఫైలు చంకన పెట్టుకుని తిరుగుతున్న సార్లకు తెలియజేయడమేమనగా: సేంద్రియ వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తీసే ప్లాంట్లకు సమగ్ర ప్రాజెక్టు నివేదికలు, అనగా డీపీఆర్‌లు, నా వద్ద సరసమైన ధరకు రాసిపెట్టబడును. రంగుల అట్ట, స్పైరల్ బైండింగు, అట్ట మీద పచ్చటి ఆకు బొమ్మ ఉచితం. ప్లాంటు నడుస్తుందా లేదా అన్నదానికి నా పూచీ లేదు. నివేదిక మాత్రం నడుస్తుంది. సూర్యాపేట కలెక్టరేట్‌లో ఎక్కిందంటే ఢిల్లీ దాకా ఎక్కడా ఆగదు.

రాసేవాళ్లు ఊరికి పదిమంది ఉండగా నీ దగ్గరికే ఎందుకు రావాలంటారా అన్నా? నాకు కిటుకులు తెలుసు. మచ్చుకు కొన్ని విప్పుతున్నాను. సరుకు చూసే బేరమాడండి.

మొదటి కిటుకు: ముడిసరుకు సున్నా

"ముడిసరుకు ఖర్చు" అన్న గడిలో సున్నా వేస్తాను. ఈ వ్యాపారమంతా ఆ సున్నా మీదే నిలబడి ఉంది. చెత్తే గదా, ఎవరైనా ఊరికే ఇస్తారు, తీసుకుపోయినందుకు దండం కూడా పెడతారు అని రాస్తాను. ఎంత చెత్త వస్తుందో తేల్చడానికి మీ ఊళ్లకు రావలసిన పని లేదు. పట్నంలో మనిషి తలకు ఇంత అని ఒక లెక్క ఉంటుంది. దాన్ని మండల జనాభాతో గుణిస్తే టన్నులకు టన్నులు ఏసీ గదిలోనే పుట్టుకొస్తాయి.

ఊళ్లోకి వస్తేనే ఇబ్బంది. నెమ్మికల్‌లోనో ఏపూరులోనో బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పులిసిన గంజి కుడితి గోలెంలోకి పోతాయి. బర్రె వదిలింది కోళ్లకు, కోళ్లు వదిలింది కుక్కలకు. ఆ మూడూ ముట్టనిదే పంచాయతీ ట్రాక్టరుకు దక్కుతుంది: గుట్కా పొట్లాలు, నూనె ప్యాకెట్లు, క్వార్టర్ సీసాలు, మోరీలో తోడిన మట్టి. వీటిని ఏ టాంకులో ఎన్నాళ్లు నానబెట్టినా గ్యాసు రాదు. తడిచెత్తను పాలుగా మార్చే యంత్రం పల్లెలో తరాల నుంచీ గుంజకు కట్టేసి ఉంది. దానికి డీపీఆర్ లేదు కాబట్టి లెక్కలోకి తీసుకోను.

పేడ సంగతీ అంతే. నివేదికలో అది "వృథాగా పోతున్న వనరు". ఆ మాట గట్టికల్లులో ఏ రైతు ముందూ అనకండి. పేడ పెంటకుప్పకు పోతుంది, పెంటకుప్ప ఎండాకాలంలో పొలానికి పోతుంది. ఇంట్లో పశువులు లేనివాళ్లు ట్రాక్టరు పెంటను వేలు పోసి కొంటున్నారు. ధర పలికే సరుకును సున్నా గడిలో కూర్చోబెట్టడమే నా పనితనం. ఒకప్పటి ఎడ్ల లెక్కలు కూడా నివేదికలో అట్లాగే ఉంచుతాను. కొట్టంలో ఎడ్ల జాగాలో ఇప్పుడు ట్రాక్టరు నిలబడి ఉంది. ట్రాక్టరు పేడ వెయ్యదు గానీ ఆ విషయం కంప్యూటర్‌కు తెలియదు.

రెండో కిటుకు: బోయిన్‌పల్లి ఫొటో

ముందు పేజీల్లో హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఫొటో తప్పనిసరి. అది అబద్ధం కాదు, అదే దాని బలం. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో అక్కడ కట్టిన ప్లాంటు రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం తీస్తుందని లెక్క. 2021 జనవరిలో ప్రధాని తన మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు. ఇంతకన్నా మంచి సాక్షి ఎవరు దొరుకుతారు?

పక్క పేజీలో ఇండోర్ ఫొటో. 2022 ఫిబ్రవరిలో మొదలైన ఆ ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడిచెత్త, 17,000 కిలోల గ్యాసు. ఆ రెండు ఫొటోల కింద "అదే తరహాలో ఆత్మకూర్ (ఎస్)" అని రాస్తాను. తరహా అనే మాటలో 550 టన్నులూ ఇముడుతాయి, ఐదు టన్నులూ ఇముడుతాయి.

ఫొటోల్లో కనపడనిది ఒకటుంది. బోయిన్‌పల్లిలో కుళ్లిన టమాట, క్యాబేజీ ఆకు, మెత్తబడిన దోసకాయ అన్నీ ఒకే యార్డులో, వేరే చెత్త కలవకుండా, రోజూ దొరుకుతాయి. వచ్చిన కరెంటు కూడా ఆ యార్డులోనే వాడుకోవచ్చు. సరుకూ అక్కడే, గిరాకీ అక్కడే. ఇండోర్‌లో గృహిణులు తడి, పొడి వేరు చేసి ఇవ్వడం ముందు అలవాటు చేసుకున్నారు, తర్వాతే ప్లాంటు వచ్చింది. నేను వరస మారుస్తాను. ముందు ప్లాంటు, తర్వాత రిబ్బను, ఆ తర్వాత అవగాహన సదస్సు.

ఇక మోత. పది టన్నులకు 500 యూనిట్లంటే టన్నుకు 50. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా టన్ను వ్యర్థాలకు 350 రూపాయల కరెంటు. మీ ఊరు ప్లాంటుకు పది కిలోమీటర్లనుకుందాం. పోనురాను ఇరవై. ట్రాలీ కట్టిన ట్రాక్టరు లీటరుకు నాలుగు కిలోమీటర్లు వచ్చిందనుకుంటే ఐదు లీటర్లు. డీజిల్ లీటరు 95 రూపాయల పైచిలుకు. ట్రాలీలో టన్ను ఉంటే 350 రూపాయల కరెంటు కోసం 475 రూపాయల డీజిల్ తగలబెట్టినట్టు. డ్రైవరు కూలి ఇంకా వెయ్యలేదు.

కంగారుపడకండి. రవాణా ఖర్చు "పల్లె ప్రగతి ట్రాక్టర్ల ద్వారా" అని ఒక వాక్యంతో తుడిచేస్తాను. 2019లో మొదలైన ఆ కార్యక్రమం కింద రాష్ట్రంలోని 12,769 పంచాయతీలకూ ట్రాక్టరు, ట్రాలీ, డంపింగు యార్డు అన్నారు. ట్రాక్టరు పంచాయతీది, డీజిల్ బిల్లు పంచాయతీది, లాభం మాత్రం ప్లాంటుది. ఇదే మనవాళ్ల అర్థశాస్త్రం.

మూడో కిటుకు: మనుషులు లేని ప్లాంటు

రోజుకు ఐదు టన్నుల ప్లాంటు అనుకుందాం. బోయిన్‌పల్లి లెక్కనే తీసుకుంటే 250 యూనిట్లు, 1,750 రూపాయలు. నెలకు 52,500. చెత్త ఏరేవాళ్లు, టాంకులో పోసేవాళ్లు, ఇంజను చూసేవాళ్లు కలిపి ఐదుగురంటే చాలా పొదుపుగా వేసినట్టు. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులకు ఇస్తున్న నెలకు 9,500 రూపాయలే వీళ్లకూ ఇచ్చినా 47,500 అవుతుంది. మిగిలింది ఐదు వేలు. డీజిల్, రిపేరు, బ్యాంకు కిస్తీ, మీ బావమరిది జీపు అన్నీ ఆ ఐదు వేలలోనే. ఆ 9,500తో బతకలేమని పంచాయతీ కార్మికులు 2023లో సమ్మె చేసిన సంగతి తెలిసినవాళ్లు మీటింగులో ఉంటే ఆ ఐదు వేలూ ఉండవు.

అందుకే సిబ్బంది గడిలో "స్వయం సహాయక సంఘాల భాగస్వామ్యం" అని రాస్తాను. మన ఆఫీసు భాషలో భాగస్వామ్యం అంటే ఆడవాళ్లు చేసేది, జీతం లేనిది.

టాంకులో ఉండే సూక్ష్మజీవులు మాత్రం భాగస్వామ్యం భాష వినవు. వాటికి ఆదివారం లేదు, పండుగ లేదు, పెద్దగట్టు జాతర సెలవు లేదు. రోజూ వేళకు, దాదాపు ఒకే పాళంలో మేత పడాలి. నాలుగు రోజులు పస్తు పెట్టి ఐదో రోజు ట్రాలీ నిండా కుళ్లిన పండ్లు కుమ్మరిస్తే టాంకు పులిసిపోతుంది, మీథేన్ చేసే జీవులు చతికిలపడతాయి. మళ్లీ దారికి రావడానికి వారాలు. గ్యాసులో మండే మీథేన్ అటూఇటూగా 55 నుంచి 60 శాతమే. మిగతాది చాలా మటుకు బొగ్గుపులుసు వాయువు, దానితో పాటు కాస్త హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ చివరిది కొంచెమే అయినా ఇంజనును తినేస్తుంది. దాన్ని వడగట్టే సామాను వేళకు మార్చాలి. మార్చడానికి ఎవరి సంతకం కావాలో తేలేలోపు ఇంజను తుప్పు పడుతుంది. అప్పుడది "సాంకేతిక కారణాల వల్ల" ఆగిన ప్లాంటు. చాలా ప్లాంట్లు సాంకేతిక కారణాలతో కాదు, వెయ్యి రూపాయల సామానుకు బిల్లు పాస్ కాక ఆగుతాయని రాస్తే నా నివేదికలు ఎవరు కొంటారు?

నాలుగో కిటుకు: పొయ్యి దగ్గరి లెక్క

పెద్ద ప్లాంటు వద్దు, ఇంటింటికీ గోబర్ గ్యాస్ పెట్టిద్దామంటారా? దానికీ నివేదిక ఉంది. ఇది పాత సినిమాయే. 1981-82లో జాతీయ పథకం మొదలైంది, 1984లో దీనబంధు గుండ్రటి గుమ్మటం వచ్చింది, దేశంలో 50 లక్షల దాకా కట్టామన్నారు. ఎన్ని కట్టారన్నదానికి ప్రతి ఏడూ టార్గెట్ ఉండేది. ఎన్ని మండుతున్నాయన్నదానికి టార్గెట్ ఉండేది కాదు. 2022లోనూ కేంద్రం సైజును బట్టి ప్లాంటుకు 9,800 నుంచి 70,400 రూపాయల దాకా సాయం అన్నది. కట్టేటప్పుడు ఇస్తుంది, కలిపేటప్పుడు ఇవ్వదు.

కలపడమంటే ఏంటో వినండి. కిలో పచ్చి పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు. ఘనపు మీటరు బయోగ్యాస్ దాదాపు 450 గ్రాముల వంటగ్యాసుతో సమానం. అంటే 14.2 కిలోల సిలిండరుకు బదులు కావాలంటే సుమారు ఎనిమిది క్వింటాళ్ల పేడ, దానికి సరిసమానంగా నీళ్లు. రెండు ఘనపు మీటర్ల చిన్న ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లని మిషన్ భగీరథ లెక్క. గుమ్మటం కూడా ఇంట్లో సగం మనిషే.

మోసేది ఎవరు, కలిపేది ఎవరు? నివేదికలో "కుటుంబ సభ్యులు" అని ఉంటుంది. కందగట్లలో అయినా తుమ్మల పెన్‌పహాడ్‌లో అయినా ఆ సభ్యులు ఎప్పుడూ ఒక్కరే, చీర కట్టుకుని ఉంటారు. రోజుకు గంట పని అనుకుంటే నెలకు 30 గంటలు. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 38 పైన. నెలకు 1,150. మరి ఆదా అయ్యేది? 2024 ఫిబ్రవరి 27న మహాలక్ష్మి పథకం కింద అర్హులకు 500 రూపాయలకే సిలిండరు అన్నారు. నెలకు ఒక సిలిండరు కాల్చే ఇంట్లో ఆదా 500. ఆ ఐదు వందల కోసం ఆమె 1,150 రూపాయల చాకిరీ చెయ్యాలని కేంద్ర సర్కారు ఒకవైపు ప్రోత్సహిస్తుంటే, రాష్ట్ర సర్కారు ఇంకోవైపు ఆ ఆదానే సగం చేసింది. రెండు సర్కార్ల లెక్కలూ ఒకే పొయ్యి దగ్గర కొట్టుకుంటాయని ఆమె గమనించదని మన నమ్మకం. ఆమె గమనించింది. అందుకే సిలిండరు పుస్తకం బీరువాలో దాచింది, గుమ్మటంలో నీళ్లు పొయ్యడం మానేసింది. మనం దాన్ని "లబ్ధిదారుల నిరాసక్తత" అని రాస్తాం.

ఐదో కిటుకు: టార్గెట్ ఎంత పెద్దదైతే అంత భద్రం

చిన్న టార్గెట్ తప్పితే అందరూ అడుగుతారు. పెద్ద టార్గెట్ తప్పితే అడగడానికి ఎవరికీ నోరు రాదు. 2018 అక్టోబర్ 1న సతత్ పథకం ప్రకటించినప్పుడు 2023-24 కల్లా 5,000 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు, ఏటా కోటిన్నర టన్నుల గ్యాసు అన్నారు. గడువు ముగిసేసరికి నడుస్తున్నవి వంద దాటలేదు. అయితే ఏమైంది? 2023 బడ్జెట్‌లో గోబర్‌ధన్ పేరుతో 10,000 కోట్లతో 500 కొత్త ప్లాంట్లన్నారు. గోబర్‌ధన్ కిందే జిల్లాకు 50 లక్షల దాకా సాయం ఉందన్న సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు, లేకపోతే ఇంతదూరం ఈ ప్రకటన చదివేవారు కాదు.

పెట్టుబడి గ్రాంటుగా వస్తే దాన్ని ఖర్చు గడిలో రాయను. గ్రాంటు ప్రజల సొమ్ము, ప్రజల సొమ్ముకు వడ్డీ ఉండదు, అరుగుదల ఉండదు. అప్పుడు ఏ ప్లాంటైనా లాభాల్లోనే ఉంటుంది. నడవకపోతే ఇంకా లాభం, నిర్వహణ ఖర్చు కూడా మిగులుతుంది.

చెత్త చాలకపోతే దానికీ ఉపాయం ఉంది: చెత్తను పండించడం. పక్క రాష్ట్రంలో రిలయన్స్ ఒక్కోటి 130 కోట్ల చొప్పున 500 ప్లాంట్లు, మొత్తం 65,000 కోట్లు అని ఒప్పందం రాసుకుంది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో శంకుస్థాపన కూడా అయింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాసు తీస్తారట. ఈ దారి జర్మనీ ముందే తొక్కింది. కరెంటు ఈ ధరకు ఇరవై ఏళ్లు కొంటామని 2000లో చట్టం రాసిస్తే, రైతులు పశువులకు పోవలసిన మక్కను టాంకుల్లో పోశారు. ప్లాంట్లు తొమ్మిది వేలు దాటాయి. చివరికి మక్క వాటాకు చట్టమే కళ్లెం వెయ్యాల్సి వచ్చింది. వ్యర్థం నుంచి అర్థం తీద్దామని బయలుదేరి, అర్థం కోసం వ్యర్థాన్ని సాగు చేసే దాకా వస్తే డీపీఆర్ కళ పండినట్టే.

ఆరో కిటుకు: అసలు లాభాన్ని దాచడం

ప్లాంటు నుంచి గ్యాసు పోయాక మిగిలే స్లర్రీలో నత్రజని దాదాపు పోకుండా ఉంటుంది. నిజానికి రైతుకు లాభం అక్కడే. కానీ 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే బురదలాంటి స్లర్రీని డ్రమ్ముల్లో ఎవరు మోసుకుపోతారు? 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డ రాష్ట్రం మనది. దొరకని యూరియా కోసం తెల్లవారుజామున లైను కడతాం, దొరికే ఎరువును వాసన అంటాం. ఈ ప్లాంట్ల సేంద్రియ ఎరువు అమ్మితే టన్నుకు 1,500 రూపాయల సాయం ఇస్తామని కేంద్రం 2023లో ఒప్పుకుంది. టన్ను మీద 1,500 ఒకవైపు, బస్తా మీద అంతకన్నా ఎక్కువ సబ్సిడీ ఇంకోవైపు. పందెం ఎవరు గెలుస్తారో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

మీటింగుకు పిలవకూడని వాళ్లు

కిటుకులన్నీ చెప్పాను. ఇక జాగ్రత్తలు. నివేదిక సమర్పించే రోజు కొందరు హాలు దరిదాపుల్లోకి రాకుండా చూసుకోవాలి.

ఒకరు, సూర్యాపేట మున్సిపాలిటీలో 2000 దశకం తొలి ఏళ్లలో పనిచేసిన పాతకాపు ఎవరైనా. అప్పుడు లక్ష జనాభా పట్టణం చెత్తకుండీలు తీసేసి, ఇంటి దగ్గరే తడి పొడి విడదీసి, వర్మీకంపోస్టు చేసి దేశమంతా పేరు తెచ్చుకుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోయారు. ఆ మనిషి లేచి, "మేము యంత్రం కొనకముందు ఇల్లిల్లూ తిరిగినం సారూ" అన్నాడంటే నా నివేదిక అక్కడే ముగుస్తుంది. ఆ పేరు ఎందుకు నిలబడలేదని ఎవరైనా తిరిగి అడిగితే ఇంకా ప్రమాదం. యంత్రం ఎక్కడికీ బదిలీ అయిపోదు, మనసుపెట్టి చేయించే అధికారి అవుతాడని తేలిపోతుంది.

రెండు, జాతీయ రహదారి 65 మీద హోటలు నడిపే సేటు. ఆయనకు లెక్కలొచ్చు, అదే తంటా. హైదరాబాద్, విజయవాడ బస్సులు ఆగే హోటళ్లలో విస్తరాకులో మిగిలిన అన్నం, కూర ఒకేచోట పోగవుతాయి. వండిన తిండి పేడలాగా కాదు, వంద కిలోలకు ఎనిమిది నుంచి పది ఘనపు మీటర్ల గ్యాసు ఇస్తుంది. అంటే నాలుగు కిలోల వంటగ్యాసు. ఆయన కాల్చేది 500 రూపాయల సిలిండరు కాదు, 19 కిలోలకు రెండు వేలు అటూఇటూ పోసే కమర్షియల్ సిలిండరు. నాలుగు కిలోలంటే రోజుకు 400 రూపాయలు. పది కిలోమీటర్ల నుంచి ట్రాక్టరులో తెచ్చిన టన్ను కూరగాయల చెత్త కరెంటుగా మారితే 350. ఆయన పెరట్లో వంద కిలోల ఎంగిలి అన్నం ఆయన పొయ్యిలోనే మండితే 400. పైగా పారెయ్యడానికి ఇచ్చే కూలి మిగులు. ఈ మాట బయటపడితే హోటళ్ల దగ్గర, గురుకులాల హాస్టళ్ల దగ్గర, పాల డెయిరీల దగ్గర, కోళ్ల ఫారాల దగ్గర చిన్నవి పెట్టండి, మండల కేంద్రంలో పెద్దది ఎందుకని అడుగుతారు. చిన్నవాటికి మంత్రి రాడు, పెద్ద శిలాఫలకం పట్టదు, నాకు ఫీజు రాదు.

మూడు, చెత్త ఎత్తే కార్మికురాలు. ఆమె వచ్చి, "నాకు నెల నెలా జీతమిచ్చి, వేరు చేసి ఇయ్యమని ఇండ్లల్ల చెప్తే చెత్త సగం తగ్గుతది" అంటుంది. తగ్గితే ప్లాంటు సామర్థ్యం సగమవుతుంది. సామర్థ్యం సగమైతే గ్రాంటు సగమవుతుంది. చెత్త తగ్గడం ఈ ప్రాజెక్టుకు ఎంత నష్టమో ఆమెకు అర్థం కాదు.

నాలుగు, "పోనీ నష్టమే వచ్చింది, కానీ చెత్త కాలబెట్టకుండా, చెరువులో పొయ్యకుండా ఆగింది గదా, దాని విలువ ఎంత?" అని అడిగే మనిషి. ఇతను అందరికన్నా ప్రమాదకారి. బయోగ్యాస్‌ను గ్యాసు వ్యాపారంగా కాకుండా, మోరీలాగా, మంచినీళ్ల ట్యాంకులాగా ఊరికి ఒక అవసరంగా చూసి, నడిపే ఖర్చు ఏటా బడ్జెట్‌లో పెట్టండి అంటాడు. అలా పెడితే లాభం చూపాల్సిన పని ఉండదు. లాభం చూపాల్సిన పని లేకపోతే అబద్ధం రాయాల్సిన పని ఉండదు. అప్పుడు నేనెలా బతకాలి?

ఫీజు వివరాలు

మండల స్థాయి నివేదిక ఒక ధర, జిల్లా స్థాయి ఇంకో ధర. కార్బన్ క్రెడిట్లు, సర్క్యులర్ ఎకానమీ, నెట్ జీరో అనే మాటలు పేజీకి రెండు చొప్పున కలిపితే అదనం. పవర్‌పాయింట్ ఉచితం. సొమ్ము నగదుగా, నివేదిక చేతికి ఇచ్చే ముందే ఇవ్వాలి.

పోయినసారి ఒక పెద్దమనిషి, "ఫీజు ఇప్పుడెందుకు, మొదటి ఏడు గ్యాసు అమ్మగా వచ్చే లాభంలో పది శాతం వాటా తీసుకో" అన్నాడు. అలాంటి బేరాలు నా దగ్గర పెట్టకండన్నా. ఆ లాభం లెక్క రాసింది నేనే గదా.